పొద్దున్నే వంటింట్లో గ్యాస్ వాసన: మొదటిరోజు మీ ముక్కు చెప్పిందే నమ్మండి

తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలని మీ ప్రశ్న రెండు ముక్కల్లో మళ్ళీ రాస్తున్నాను. మీరు ఉండేది బెంగళూరులో. అమ్మగారు గుంటూరు బ్రాడీపేటలో ఒక్కరే ఉంటున్నారు, డెబ్బైకి దగ్గరపడిన వయసు. దసరాకి మీరు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున వంటింటి తలుపు తీయగానే గ్యాస్ వాసన కొట్టింది. అమ్మగారేమో "నాకేం రావట్లేదురా, నీ భ్రమ" అన్నారు. మూడో రోజుకి మీకూ తెలియడం మానేసింది. ఇది నిజంగా లీకా, కాదా? అసలు గ్యాస్ తీయించేసి ఇండక్షన్ పొయ్యి పెట్టించెయ్యాలా? ఇదీ మీ సందేహం.

లీకు ఉందనే అనుకోండి. ఈ రాత్రి నుంచే పడుకునేముందు రెగ్యులేటర్ ఆపేయమని అమ్మగారికి చెప్పండి. రేపు ఏజెన్సీకి ఫోన్ చేసి మెకానిక్‌ని పిలిపించండి. ఆయన వచ్చి చూసేదాకా పొద్దున వంటింట్లోకి వెళ్ళగానే లైటు వెయ్యకుండా, అగ్గిపుల్ల గియ్యకుండా, ముందు పెరటి తలుపు, వీధి తలుపు రెండూ తీసి ఓ పదిహేను నిమిషాలు వదిలెయ్యమనండి. గ్యాస్ తీసేయాల్సినంత పని లేదు. బాగుచేస్తే పోయే లోపమే అయ్యుంటుంది, చాలాసార్లు దానికయ్యే ఖర్చు కూడా కొద్దిగానే ఉంటుంది.

నేను ఇరవయ్యారేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదట గుంటూరులో ఒక ఏజెన్సీలో గ్యాస్ బండలు మోశాను, అక్కడే మెకానిక్ పని నేర్చుకున్నాను. ఇప్పుడు విజయవాడలో పొయ్యిలు బాగుచేస్తాను. "ఊరి నుంచి పిల్లలొచ్చారు, వాసన వస్తోందంటున్నారు, మాకైతే ఏం లేదు" అనే ఫోన్లు ప్రతి పండక్కీ వస్తాయి. వెళ్ళి చూస్తే చాలావరకు పిల్లలు చెప్పిందే నిజమవుతుంది.

ఎందుకంటే మనం వాడే గ్యాస్‌కి సొంతంగా వాసన దాదాపు ఉండదు. అందులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. లీకైతే మనిషికి తెలియాలని ఈథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థాన్ని అతి కొద్దిగా కలుపుతారు. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే నిప్పు తగలగానే అంటుకుంటుంది. అంతకు చాలా ముందే ముక్కుకు తెలిసేలా ఆ వాసన కలుపుతారన్నమాట. ఏర్పాటు మంచిదే. కానీ ముక్కుకు ఒక గుణం ఉంది, ఒకే వాసనలో కాసేపుంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. చేపల మార్కెట్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఉన్న కంపు పది నిమిషాల తర్వాత ఉండదు చూడండి, అదే సంగతి. రోజూ ఆ ఇంట్లోనే ఉండే అమ్మగారి ముక్కు ఆ వాసనకు ఎప్పుడో అలవాటుపడి ఉంటుంది. దానికితోడు వయసు పైబడేకొద్దీ వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది. జలుబు చేసినా అంతే. మన గుంటూరు వంటిళ్ళలో ఎండుమిరపకాయలు వేయించిన రోజున ఆ ఘాటులో మరేదీ తెలియదు. కాబట్టి ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, మీరు భ్రమపడనూ లేదు. బయటినుంచి వచ్చిన ముక్కు పసిగట్టింది, అంతే.

అందుకే గ్యాస్ విషయంలో ఇంట్లోవాళ్ళ ముక్కు మీద భారం పెట్టకండి. సబ్బునురగ మీద, పైపు మీది తేదీ మీద పెట్టండి.

పొద్దున్నే ఎందుకు వస్తుంది? ఈ గ్యాస్ గాలికంటే బరువు, ఇంచుమించు రెండింతలు. పైకి పోదు, నీళ్ళలా నేలమీద పరుచుకుంటుంది. పగలు తలుపులు తీసి ఉంటాయి, మనుషులు తిరుగుతుంటారు, చెదిరిపోతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి దోమలకి భయపడి మనం కిటికీలన్నీ బిగిస్తాం. ఇక రాత్రంతా సన్నగా కారింది కారినట్టు గట్టు కింద, మూలల్లో పోగవుతుంది. వంటగట్టు మీద ఉన్న కిటికీ తీస్తే చాలనుకుంటారు చాలామంది. ఆ కిటికీ నడుమెత్తున ఉంటుంది, గ్యాస్ పాదాల దగ్గర ఉంటుంది. అందుకే తలుపు తీయమన్నాను.

ఇక్కడ నాకు బాగా భయం వేసే సంగతి ఒకటి చెప్పాలి. దసరా వెళ్ళగానే కార్తీకం వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి దీపం పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది. పాత ఇళ్ళలో దేవుడి గూడు వంటింట్లోనే ఉంటుంది, లేదా వంటింటి పక్కనే. రాత్రంతా మూసి ఉన్న గదిలో లీకు ఉండగా మొట్టమొదట వెలిగేది ఆ దీపమే. అమ్మగారికి ఇది నచ్చజెప్పండి: తలుపులు తీశాక, గది గాలి ఆడాకే దీపం. అసలు మెకానిక్ వచ్చేదాకా వంటింట్లో దీపమే వద్దు, హాల్లోనో తులసికోట దగ్గరో పెట్టుకోమనండి. ఫ్రిజ్ కూడా వంటింట్లోనే ఉంటే మెకానిక్‌కి ఆ మాట చెప్పండి. పాత ఫ్రిజ్‌లు తమంతట తామే ఆగి మళ్ళీ ఆడేటప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది.

ఇప్పుడు లీకు ఎక్కడుందో చూద్దాం.

మెకానిక్ వచ్చేలోపే మీకు సగం సంగతి తెలిసే ఉపాయం ఉంది. మన రెగ్యులేటర్ ఆన్ చేసినప్పుడు లోపలి పుల్ల బండ నోట్లోని పిన్నును నొక్కుతుంది, గ్యాస్ వస్తుంది. ఆఫ్ చేస్తే పుల్ల పైకి లేస్తుంది, పిన్ను మూసుకుంటుంది. అంటే రాత్రి రెగ్యులేటర్ ఆపి పడుకున్నాక పొద్దున వాసన లేదంటే, తప్పు పైపులోనో పొయ్యిలోనో బండ నోట్లోని వాషర్‌లోనో ఉంది. రెగ్యులేటర్ ఆపినా వాసన వస్తోందంటే తప్పు బండ పిన్నులోనే ఉంది. అప్పుడు మెకానిక్ కోసం ఆగకూడదు. రెగ్యులేటర్ ఊడదీసి, తాడుకి వేలాడే తెల్ల మూతను బండ నోటికి గట్టిగా నొక్కి బిగించి, బండను ఆరుబయట పెట్టించి, 1906కి ఫోన్ చెయ్యాలి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, ఏ కంపెనీ గ్యాస్ అయినా, రాత్రయినా పగలయినా పనిచేస్తుంది. పొద్దున వాసన చూసేది మాత్రం మీ అమ్మగారు కాకుండా పక్కింటివాళ్ళెవరైనా అయితే మంచిది, కారణం పైన చెప్పాను.

నేను చూసిన ఇళ్ళలో ఎక్కువసార్లు తప్పు దొరికేది పొయ్యి నాబ్ దగ్గర. ఎవరూ అనుమానించని చోటు అది. నాబ్ లోపల ఇత్తడి కాక్ ఉంటుంది, గ్యాస్‌ని వదిలేదీ ఆపేదీ అదే, గ్రీజు పూసి బిగిస్తారు. బర్నర్ వేడికీ, పొంగిన పాలకీ, గట్టు కడిగేటప్పుడు మనం గుమ్మరించే నీళ్ళకీ ఆ గ్రీజు ఎండిపోతుంది, కొట్టుకుపోతుంది. నాబ్ తిప్పడానికి బిర్రుగా ఉందంటే గ్రీజు అయిపోయిందని అర్థం. కొందరు కొబ్బరినూనె వేస్తారు, దయచేసి వెయ్యకండి. రెండు రోజులు మెత్తగా తిరుగుతుంది, తర్వాత జిగురుపట్టి ఇంకా పాడవుతుంది. మెకానిక్ కాక్ విప్పి తుడిచి, దానికి తగిన గ్రీజు పెడితే అయిపోతుంది.

రెండోది పైపు. నారింజ రంగు సురక్ష పైపు, లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది, అదే వాడాలి. దాని మీద తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంటుంది. అయిదేళ్ళు దాటితే చూడ్డానికి ఎంత బాగున్నా మార్చెయ్యండి. మీటరున్నర కంటే పొడుగు ఉండకూడదు. పైపుకు గుడ్డ తొడగడం, ప్లాస్టిక్ చుట్టడం వద్దు, కింద పగుళ్ళు వచ్చినా కనపడవు. విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనక ఒక ఇంట్లో వాసన ఎక్కడినుంచో తెలియక మూడుసార్లు బండ మార్చుకున్నారు. నేను వెళ్ళి పైపుకు కుట్టించి తొడిగిన పూలగుడ్డ తీశాను. లోపల ఆకుపచ్చ రబ్బరు పైపు, ఎలుక పళ్ళ గుర్తులు. గుడ్డ లేకపోతే మొదటి రోజే కనపడేది.

మూడోది బండ నోట్లోని వాషర్, నల్ల రబ్బరు రింగు. రెగ్యులేటర్ ముక్కు బిగుతుగా కూర్చోవడానికి అదే ఆధారం. ఒక్కోసారి అరిగిపోయి ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండనే ఉండదు. కొత్త బండ దింపినప్పుడు డెలివరీ బాయ్ ఎదురుగానే సీల్ తీయించి, మూత తీయించి, రింగు ఉందో లేదో చూపించమనండి. అడగడానికి మొహమాటపడకండి. నేను ఆ పని చేసినవాణ్ణే, అడిగినవాళ్ళ మీద మాకు కోపం ఎప్పుడూ రాలేదు. పిన్నీసుతోనో పుల్లతోనో లోపల పొడవడం మాత్రం ఎవరూ చెయ్యకూడదు.

అదే సమయంలో బండ పైభాగంలో గుండ్రటి పట్టాను మోసే మూడు కాళ్ళుంటాయి, వాటిలో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి, చూడండి. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. అంకెలు సంవత్సరం. ఆ బండకు మళ్ళీ పరీక్ష చెయ్యాల్సిన గడువు అది. గడువు దాటిన బండ వస్తే తీసుకోకుండా వెనక్కి పంపండి.

సబ్బునీళ్ళ పరీక్ష ఎవరైనా చెయ్యొచ్చు. ముందు ఇంట్లో వాసన లేకుండా చూసుకోవాలి, తలుపులు తీసి ఉండాలి, దీపం అగరొత్తి ఏవీ ఉండకూడదు. పొయ్యి నాబులన్నీ ఆపి, రెగ్యులేటర్ ఒక్కటే ఆన్ చెయ్యండి. సర్ఫు నీళ్ళు గానీ, చిక్కటి కుంకుడు రసం గానీ నురగ చేసి రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు చివర్లా, నాబుల మొదళ్ళలో రాసి రెండు నిమిషాలు ఓపిగ్గా చూడండి. పెద్ద లీకైతే వెంటనే బుడగలొస్తాయి. మీ ఇంట్లోలాంటి సన్న లీకుకి ఒక్కో బుడగ మెల్లగా ఉబ్బుతుంది, తొందరపడి తుడిచేస్తే కనపడదు. అగ్గిపుల్ల గీసి లీకు వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను మొదట పనిచేసిన చోట ఒక పెద్దమేస్త్రి అలాగే చేసేవాడు, ఒకరోజు కనుబొమలు, ముంజేతి మీద చర్మం పోయాయి. ప్రాణం దక్కింది అదృష్టం.

వాసన గుప్పుమంటే చెయ్యాల్సింది వేరు. అప్పుడు పరీక్షలేం వద్దు. ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. వెయ్యడమే కాదు, వెలుగుతున్నది ఆర్పడం కూడా వద్దు, రెండింటికీ లోపల నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుందనుకోవడం చాలా పెద్ద పొరపాటు. చేతికందితే రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరుచుకుంటూ బయటికి వచ్చెయ్యాలి. ఫోన్ కూడా వీధిలోకొచ్చాకే. మెయిన్ స్విచ్ ఇంటి బయట ఉంటే అక్కడినుంచి తీసెయ్యొచ్చు, లోపల ఉంటే వదిలెయ్యండి. బండ దగ్గరే మంట అంటుకుని ఉంటే 101కి ఫోన్ చేసి, ఇరుగుపొరుగుని దూరంగా పంపడమే ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడ చెయ్యాల్సింది. తడి గుడ్డ కప్పి ఆర్పవచ్చన్నది నిజమే, మేం నేర్చుకున్నాం, చేశాం కూడా. మీ అమ్మగారిని ఆ పని చెయ్యమని నేను చెప్పను.

గ్యాస్ అయిపోవస్తోందని బండను పడుకోబెట్టడం, ఊపడం, కింద వేడినీళ్ళ పళ్ళెం పెట్టడం మన దగ్గర బాగా అలవాటు. బండలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, పైనున్న ఖాళీలో ఆవిరి ఉంటుంది. నిలబెట్టి వాడితే ఆవిరి మాత్రమే రెగ్యులేటర్‌లోకి వెళ్తుంది. పడుకోబెడితే ద్రవమే పైపులోకి దూకుతుంది. ఆ ద్రవం ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది. ఇక పొయ్యి మీద మంట ఎంతెత్తు లేస్తుందో మీరే ఊహించుకోండి. పటమటలో ఒక ఇంట్లో వ్రతం రోజున ఇలాగే ప్రసాదం మధ్యలో గ్యాస్ తగ్గిందని పడుకోబెట్టారు. మంట గోడకున్న చెక్క అలమారని అందుకుంది. మనుషులకేం కాలేదు గానీ వంటిల్లు మొత్తం నల్లబడింది. బండను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. గట్టు కింద అలమారలో పెట్టి తలుపులు మూసేస్తే మాత్రం అడుగున గాలి ఆడేలా కన్నాలు పెట్టించండి, లేదా ఆ తలుపులు ఊడదీయించండి. అందం కోసం తలుపులు పెట్టిన ఇళ్ళే నాకు ఎక్కువ కనపడుతున్నాయి.

వరద సంగతి మీరు అడగలేదు, అయినా మా ఊళ్ళో ఇది చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు నిండు బండలు కూడా నీళ్ళమీద తేలాయి. 14.2 కిలోల గ్యాస్, ఉక్కుతో కలిపి ఇంచుమించు 30 కిలోలు, కానీ బండ 33 లీటర్లకు పైగా నీటి చోటు ఆక్రమిస్తుంది, అందుకే తేలుతుంది. తేలిన బండ పైపును లాగేస్తుంది. నీళ్ళు తగ్గాక నేను వెళ్ళిన ఇళ్ళలో రెగ్యులేటర్ల నిండా బురద. పైకి కడిగి అలాగే బిగించేసుకున్నవాళ్ళు చాలామంది. రెగ్యులేటర్ లోపల పలచటి రబ్బరు పొర, చిన్న గాలి రంధ్రం ఉంటాయి, బురద చేరితే అది ఒత్తిడిని అదుపు చెయ్యలేదు. నీట మునిగిన రెగ్యులేటర్‌ని, పైపుని ఏజెన్సీలో ఇచ్చి మార్చుకోవాలి. బండ నోట్లో బురద ఉంటే బండ కూడా వెనక్కే. ఇల్లు వదిలి వెళ్ళే టైము ఉంటే రెగ్యులేటర్ తీసి మూత బిగించి వెళ్ళండి.

మంట రంగు కూడా ఓసారి అమ్మగారిని అడగండి. నీలంగా ఉంటే మంచిది. పసుపుగా ఎగురుతూ గిన్నెల అడుగున మసి పడుతోందంటే జెట్లో, అంటే గ్యాస్ బయటికొచ్చే సన్నటి రంధ్రంలో, లేదా బర్నర్ గొట్టంలో ఏదో అడ్డుపడింది. నేను సాలెగూళ్ళు, బొద్దింక రెక్కలు తీశాను. ఆ మంటతో మూసిన వంటింట్లో ఎక్కువసేపు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పీలుస్తారు, దానికి వాసనే ఉండదు.

చీర గురించి రాయడం నాకు కొంచెం కష్టం. మా పెద్దక్క పైట కొంగుతో గిన్నె దించేది, అందరమ్మల్లాగే. ఒక సాయంత్రం ముందు పొయ్యి వెలుగుతుండగా వెనక పొయ్యి మీది పాలగిన్నె కోసం వంగింది. నైలాన్ చీర. ఆ బట్ట కాలుతూనే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆమె బతికింది, కానీ కుడిచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేదు. వంటింట్లో నూలు చీర కట్టుకోమనండి, కొంగు నడుముకి దోపుకోమనండి, గిన్నె దించడానికి పట్టకారు గానీ మసిగుడ్డ గానీ వాడమనండి. ఎప్పుడూ దించే గిన్నె ముందు పొయ్యి మీద, ఉడికే గిన్నె వెనక పొయ్యి మీద ఉంటే మంట మీదుగా చెయ్యి చాపే పని ఉండదు. ఎక్కడైనా కాలితే ఇరవై నిమిషాలపాటు ధారగా చన్నీళ్ళ కింద పెట్టాలి. పేస్టు, పసుపు, ఇంకు, ఐసు ఏవీ వద్దు. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, పొయ్యి ఆపి మూత పెట్టెయ్యాలి.

ఇక ఇండక్షన్. రెండో పొయ్యిగా కొనిపెట్టండి, పాలు కాచుకోవడానికి, కాఫీకి చాలా సుఖం. పాలు పొంగి మంట ఆరిపోయి, గ్యాస్ మాత్రం వస్తూ ఉండే ప్రమాదం దానితో తప్పుతుంది. కానీ నలభయ్యేళ్ళుగా మంట చూసి వండిన మనిషిని ఒక్కసారిగా మార్చెయ్యబోతే ఆవిడ మీరు వెళ్ళగానే పాత పొయ్యే వెలిగిస్తారు, అది కూడా బాగుచేయించకుండా. అందుకని డబ్బు పెట్టదలిస్తే ముందు రెండింటి మీద పెట్టండి. ఒకటి, మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయే పొయ్యి, ఇప్పుడు దొరుకుతున్నాయి. రెండు, గ్యాస్ అలారం. ముక్కు పనిచెయ్యని ఇంట్లో ముక్కు చేసే పని అది చేస్తుంది. దాన్ని నేల నుంచి జానెడు, జానెడున్నర ఎత్తులో గోడకి పెట్టాలి. పైన బిగిస్తే కొన్నది వృథా. మీ వీధిలో తర్వాతెప్పుడైనా పైపు గ్యాస్ తీసుకుంటే మాత్రం అలారం పైకప్పు దగ్గరికి మార్చాలి, అది గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది.

ఈ రాత్రి అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని పైపు మీద ఏ సంవత్సరం ఉందో చదవమనండి, రెగ్యులేటర్ తిప్పి ఆపేదాకా లైన్లోనే ఉండండి. పొద్దున తలుపు తీసేటప్పుడు పక్కింటివాళ్ళెవరినైనా తోడు పిలవమనండి. వాళ్ళకు వాసన వచ్చిందో లేదో ఇక్కడే రాయండి, నాబా, పైపా, వాషరా అన్నది అప్పుడు ఇంకాస్త తేలుతుంది.